కనుమ కింద

ఈ ఏడు నడక వద్దు, లారీ అన్నది నేనే.
మెర్సిన్ నుంచి పాత దారి సగం నిమ్మతోటలైంది,
మిగతా సగానికి అటవీశాఖ వాడి చీటీ కావాలి.
ఇరవై రెండు రోజుల దారి
ఆరు గంటల్లో తేలిపోతుంది కదా అన్నాను.
నాన్న మీసం కొస నములుతూ ఊరుకున్నాడు.
నాయనమ్మ ఉమ్మూహాన్ మాత్రం
"ఆరు గంటల్లో గడ్డి మొలుస్తుందా?" అంది.

నడిచినన్నాళ్లూ వసంతం మాకంటే ఒక్క రోజు ముందుండేది.
సముద్రం ఒడ్డున పచ్చిక ఎండేవేళకి
కొండ మొదట్లో చిగురు,
దాన్ని మేకలు కొరికేలోపు
ఆ పైన మంచు కరిగి ఇంకో చిగురు.
దారి మేం వెతికింది కాదు,
మేక పళ్లు వెతికింది.

మంగళవారం కదలకూడదంది.
లారీ నెజాతికి మంగళవారమే ఖాళీ.
నల్ల గుడారం మడిచి టాపు మీదికెక్కించాం.
మేకబొచ్చుతో ఆమె నేసిందే అది,
తొలి చినుకులకి కారుతుంది,
తడిసి పోగులుబ్బాక చుక్క దిగదు.
పోతుమేక కరాబాష్ పలక ఎక్కనని మొండికేస్తే
దాని మెడలో గంట విప్పి
చేత్తో ఊపుకుంటూ తనే ఎక్కింది.
నూట అరవై మేకలూ ఆమె వెనకే.

దిగి వచ్చి నా పక్కన కూర్చుంది.
ఒళ్లో ఒక రాయి, గుప్పెడంత.
ఎందుకని ఎవరూ అడగలేదు.

గాలి కనుమ మీద, దారికి ఎడమ పక్క,
వంగిన దేవదారు కింద రాళ్ల కుప్ప ఒకటుంది.
నాన్నకంటే ముందు పుట్టినవాడు.
నాలుగు రోజులవాడు, పేరు పెట్టేలోపే.
మంద ఆగదు గనక వానలోనే పూడ్చి
ఆ సాయంత్రం,
రవిక తడిసిపోతుంటే,
మేకలకి పాలు పితికిందట.
ఎక్కేటప్పుడొక రాయి, దిగేటప్పుడొక రాయి,
అరవై ఏళ్లు.
కుప్ప నా మోకాలి దాకా వచ్చింది.
బతికిన పిల్లలకంటే నిదానంగా,
కానీ పెరగడం మానలేదు.

తర్వాత పుట్టినవాడికి దుర్ముష్ అని పెట్టారు.
నిలిచినవాడు అని.
ఒక చోట ఒక కాలం మించి నిలవని మనుషులం,
బిడ్డకి మాత్రం ఆ పేరు.
మా నాన్న పేరు.

కొండ ఎక్కాల్సిన రోడ్డు కొండలోకి దూరింది.
కొత్త సొరంగం.
నాకు తెలుసు. చెప్పలేదు.
పసుపు దీపాలు ఒక్కొక్కటే
ఆమె ముఖం మీదుగా పాకాయి.
వెనక మేకలన్నీ ఒక్కసారిగా అరుపు మానేశాయి.

"కనుమ ఏదిరా?"
"పైనుంది."
"ఆపమను."
"ఇందులో ఆపకూడదమ్మా" అన్నాడు నెజాతి,
మర్యాదగానే, రేడియో తగ్గించి.

ఆమె తలెత్తింది.
లారీ కప్పు, గుడారం, సిమెంటు, కొండ,
ఆ పైన వాడు.
అరవై ఏళ్లలో వాడి కిందుగా వెళ్లడం ఇదే మొదలు.
నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
రెండు నిమిషాల పది సెకన్లు.
లెక్కపెట్టడం తప్ప నాకేం పని?

పైన బయలు ఇంకా తెల్లగా ఉంది.
గడ్డి రాలేదు.
వసంతం ఎక్కడో కింద నడుస్తూ వస్తోంది,
దాన్ని దాటి వచ్చేశాం మేం.
మేకలు మంచు నాకి, నా వంక చూశాయి.
లారీలో తెచ్చిన ఎండుగడ్డి విప్పాను.
గుడారం మేకులు దిగక
నాన్నా నేనూ రాత్రి దాకా గుద్దాం.

తెల్లవారుతూనే గంట వినబడింది.
నాయనమ్మ, వెనక కరాబాష్,
వచ్చిన వైపు దిగుతున్నారు.
కొంగులో రాయి బరువుకి నడక ఒక పక్కకి ఒరుగుతోంది.
"ఎక్కడికే?"
"కనుమ దాకా.
గడ్డితో కలిసి ఎక్కొస్తా."

నిలిచినవాడు లేచాడు.
చెప్పులు వెతుక్కున్నాడు,
రెండు రొట్టెలు, కాస్త జున్ను గుడ్డలో కట్టుకుని
నాకేసి చూడకుండా బయల్దేరాడు.

గంట మలుపు తిరిగాక కూడా చాలాసేపు వినబడింది.